పెరటిలోని ఆలుగడ్డ కాయకమగునా?



ఒక చిన్న ప్రశ్నతో ఈ వ్యాసమును ప్రారంభించుచున్నాను. అంగడిలో చవకగా దొరకు వస్తువును అంతకంటె ఎక్కువ వ్యయముతో, ఎక్కువ శ్రమతో ఇంటి పెరటిలో పండించుకొనుట కాయకమగునా? లేక అది తీరిక గలవాని విలాసమగునా? ప్రశ్న చిన్నదే గాని దీని వెనుక పెద్ద ప్రశ్న యొకటి కలదు. మనము ఇష్టముగా చేయు ప్రతి పనికిని కాయకమను పవిత్రమైన పేరు ఎంతో సులభముగా పెట్టుకొనుచున్నాము. ఆ పేరు పెట్టుకొనుటకు మనకు గల అర్హత యేమి?

ఈ ప్రశ్న నాకు పుస్తకములు చదువుటవలన కలిగినది కాదు. నా పెరటిలోనే, నా అహంకారమునకు తగిలిన దెబ్బవలన కలిగినది. ఆ వృత్తాంతమును దాచక చెప్పుట మంచిదని తలంచుచున్నాను.

నేను ముప్పది యేండ్లకు పైగా ఉపాధ్యాయుడుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. మా పూర్వులది జహీరాబాదు ప్రాంతము. అచ్చటి ఎర్రనేలలలో అల్లము, చెరకులతోపాటు ఆలుగడ్డ చలికాలపు పంటగా పండుచున్నది. కోస్తావారు దీనిని బంగాళాదుంప యందురు, రాయలసీమవారు ఉర్లగడ్డ యందురు, మాకు ఆలుగడ్డ. మా భూమిని చిన్నాయన కుమారుడు సేద్యము చేయుచున్నాడు. నేను ఉద్యోగము నిమిత్తము సంగారెడ్డి చేరి అచ్చటనే ఇల్లు కట్టుకొంటిని.

2023వ సంవత్సరము కార్తికమాసమున తమ్మునివద్దనుండి 2 కిలోల విత్తనపు గడ్డలు తెచ్చి, పెరటిలో ఆరు బోదెలు తీసి నాటితిని. ప్రతి ముక్కకును రెండు మూడు కన్నులుండునట్లు కోసి, కోసిన ముఖము ఆరువరకు నీడలో ఉంచి, జానెడు ఎడముగా, నాలుగు వ్రేళ్ళ లోతున పెట్టితిని. బాగుగా మాగిన పశువుల ఎరువు వేసితిని. మొక్కలు జానెడు ఎత్తు పెరిగిన తరువాత వాని మొదళ్ళకు మన్ను ఎగదోసితిని. రాత్రులు చల్లగా నున్నంతకాలము ఆ పని చక్కగా సాగినది. ఏలయన, రాత్రి వేడి 20 డిగ్రీలు దాటినచో ఆలుగడ్డ ఆకు పెంచునే గాని గడ్డ పెంచదు. సుమారు 100 దినములకు ఆకులు పండుబారినవి. పది దినములు నీరు నిలిపి, పారతో మెల్లగా త్రవ్వి చూడగా 14 కిలోలు వచ్చినవి. నా సంతోషమునకు మేర లేదు.

ఇంతవరకు బాగున్నది. చెడినది ఆ తరువాత. ఆ గడ్డలను నేను చీకటి గదిలో ఉంచలేదు. శివరాత్రికి బంధువులు వచ్చెదరు. వారు చూడవలెను, మెచ్చుకొనవలెను. అందువలన వానిని కడిగి, పెద్ద వెదురుబుట్టలో పేర్చి, వీధి వసారాలో అందరికిని కనబడుచోట పెట్టితిని. వచ్చినవారెల్ల చూచిరి. "మాస్టారు చేసిన కాయకం" అని ఒకరిద్దరు ప్రశంసించిరి. ఆ మాట నా చెవులకు మిక్కిలి ఇంపుగా నుండెను. ఎనిమిది దినములు బుట్ట అచ్చటనే యుండెను.

శివరాత్రినాడు మా తమ్ముడు వచ్చెను. కాళ్ళు కడుగుకొని బుట్టయొద్దకు పోయి ఒక గడ్డను చేతబట్టి త్రిప్పి చూచి, "అన్నా, ఇవి పచ్చబడ్డయ్. ఇంక తినేటట్టు లేవు" అనెను.

నిజమే. వెలుతురు తగిలిన ఆలుగడ్డ తోలు ఆకువలె పచ్చబారును. ఆ పచ్చదనము స్వయముగా విషము కాదు గాని, అదే వెలుతురువలన సొలనిన్ అను చేదు విషపదార్థము గడ్డలో హెచ్చును. అది వాంతిని, కడుపునొప్పిని కలిగించును, ఉడికించినను పోదు. మొదళ్ళకు మన్ను ఎగదోయుటకు ముఖ్యకారణములలో ఇది యొకటి. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. బోదెలో గడ్డ బయటపడకుండ మూడునెలలు కాపాడినవాడను, తీసిన తరువాత నా చేతితోనే వెలుతురులో పెట్టితిని.

సిగ్గును కప్పిపుచ్చుకొనుటకు ఖర్చు లెక్క ఎత్తితిని. విత్తనము, ఎరువు, కూలివాని సాయము కలిపి 640 రూపాయలైనవని చెప్పి, "తమ్మీ, ఇది లాభం కోసం చేసింది కాదు. కాయకం" అంటిని.

అతడు కొంతసేపు మాటాడలేదు. తరువాత మెల్లగా, "ఏమనుకోకు అన్నా. నీది కాయకం అయితే నాది ఏంది? గడ్డ పండకపోతే నా ఇల్లు గడవది. నీకు పండకపోతే ఏమైతది?" అనెను.

నాయొద్ద సమాధానము లేకపోయెను. ఆ రాత్రి జాగరణమునకు వేరే ప్రయత్నము అక్కర లేకపోయెను.

తమ్ముని మాటలోని బలమును తగ్గించి చూపుట న్యాయము కాదు. కాయకమనగా శరీరశ్రమతో ధర్మముగా జీవనము సంపాదించుట. అట్లు సంపాదించినదానిని దాసోహభావముతో పదుగురికి వినియోగించుట. బసవేశ్వరుని కాలమునందు కల్యాణములోని శరణులను వారి వృత్తులతోనే మనము స్మరించుచున్నాము. అంబిగర చౌడయ్య పడవ నడపెను. మడివాళ మాచయ్య బట్టలుదికెను. నులియ చందయ్య త్రాళ్ళు పేనెను. హరళయ్య చెప్పులు కుట్టెను. వీరిలో ఎవరును తీరిక వేళలో మనస్సునకు ఉల్లాసము కొరకు ఆ పనులను చేయలేదు. ఆ పని ఆగినచో పొయ్యి వెలుగదు, జంగమునకు అన్నము లేదు. అట్టి పనికి పెట్టిన పేరును, నెలనెల పింఛను పుచ్చుకొను నేను, ఆరు బోదెలకు పెట్టుకొనుట తగునా?

నా పక్షమున కొన్ని సమర్థనలు వెదకితిని. మొదటిది పొదుపు. ఇది నిలువదు, 14 కిలోలకు అంగడిలో నేనిచ్చియుండెడి ధర, నేను ఖర్చుపెట్టిన దానిలో సగముకంటె కొంచెమే ఎక్కువ. రెండవది స్వచ్ఛత, మందులు చల్లని గడ్డ తినుచున్నామను తృప్తి. ఇది నా కుటుంబ క్షేమమే గాని ధర్మము కాదు. పైగా 14 కిలోలు మా ఇంటికి రెండు నెలలు చాలవు. తక్కిన పది నెలలు అంగడి గడ్డయే గతి. మూడవది ఆరోగ్యము, వ్యాయామము. మంచివే, కాని వానికొరకు ఉదయమున నడచినను చాలును. నాలుగవది ఆనందము. ఇది మాత్రము నిజము. మట్టిలో చేయిపెట్టి మొదటి గడ్డ తగిలినప్పుడు కలిగిన ఆనందము నా ఉద్యోగకాలములో పలుమారు కలుగలేదు. అయినను ఆనందము కాయకమునకు ఫలమే గాని ప్రమాణము కాదు. జూదగానికిని తన ఆటలో ఆనందము కలదు.

ఇట్లు నాలుగు సమర్థనలును పోయినవి. అప్పుడు నేను ప్రశ్నను తిరుగవేసి చూచితిని. పెరటిలోని ఆలుగడ్డ ఎవరికిని ఎన్నడును విలాసము దాటి జీవనము కాలేదా? అయినది. ఐర్లండు దేశపు చరిత్రను చూడుడు. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చటి పేదలకు గుడిసె ప్రక్కనున్న చిన్న మడిలోని ఆలుగడ్డయే సంవత్సరములో అధికభాగము అన్నము. వారిలో పెక్కుమంది లంపర్ అను ఒకే రకమును నాటుచుండిరి. 1845లో ఆకుమాడు తెగులు వచ్చి ఆ మడులను కుళ్ళజేయసాగినది. తరువాతి ఏడెనిమిది యేండ్లలో సుమారు 10 లక్షలమంది ఆకలిచేతను, జ్వరములచేతను మరణించిరి. అంతకు తక్కువ కానివారు దేశము విడిచిపోయిరి. ఆ కాలముననే అదే దేశపు రేవులనుండి ధాన్యము, పశువులు ఓడలలో ఎగుమతి అగుచుండెను. 1847లో తెగులు తగ్గినది. కాని ఆకలికి తాళలేక విత్తనపు గడ్డలను సైతము తినివేసినందున నాటినవారే తక్కువ.

ఆ వృత్తాంతమును మరల చదివినప్పుడు ఒక సంగతి నా మనస్సున నాటుకొన్నది. పంట చెడినది తెగులువలన. జనులు చచ్చినది మాత్రము తెగులువలననే కాదు. ఉన్నదానిని పంచు ఏర్పాటు లేకపోవుట, పండించువానికిని తినువానికిని నడుమ సంబంధము తెగిపోవుట అందులకు పెద్ద కారణము. ఓడ నింపినవానికి మడిలో త్రవ్వువాని ముఖము కనబడలేదు. దాసోహమును మనము పండుగనాటి పంక్తిభోజనముగా భావించుచున్నాము. కాని అది యథార్థముగా ఈ తెగిన సంబంధమును కట్టు త్రాడు.

ఇక నా సంబంధము ఎవరితో తెగినది? ఇట్లు ఆలోచించుచు నా 2 కిలోల విత్తనము వెనుక నడచితిని. తమ్ముడు దానిని ఆగ్రానుండి వచ్చిన లారీలో కొనెను. మా ప్రాంతపు ఎండాకాలమునకు విత్తనపు గడ్డ నిలువదు. శీతల గిడ్డంగి కావలెను. మన పంటనే ఏటేట విత్తనముగా వాడినచో పేనుబంకవంటి పురుగులు మోయు వైరస్ తెగుళ్ళు పోగుపడి దిగుబడి క్షీణించును. అందుచేత ఉత్తరదేశపు రైతులు పెంచిన విత్తనమే మనకు శరణ్యము. వారికి మంచి రకములనిచ్చినది కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ. అది 1949లో పాట్నాలో ఏర్పడి 1956లో సిమ్లాకు మారినది. దానికిని వెనుక, ఈ మొక్కను కొన్ని వేల యేండ్ల క్రిందట పెరూ, బొలీవియా దేశముల ఆండీసు కొండలపై మచ్చిక చేసిన, పేరు తెలియని రైతులు కలరు. పోర్చుగీసువారి ఓడలలో అది మన తీరమును చేరి నాలుగువందల యేండ్లు మాత్రమే అయినది. ఇందరి శ్రమ మీద నిలబడి, ఆరు బోదెలు తీసినంతనే "నా చేతి పంట" అని బుట్టలో పెట్టి చూపితిని.

2024 కార్తికమున మరల ఆరు బోదెలు నాటితిని. 2025 ఫిబ్రవరిలో, నా పెరటిలో త్రవ్వుటకు ముందు, తమ్ముని చేనిలో గడ్డ తీయుచున్నారని తెలిసి అచ్చటికి పోయి, ఒకదినము కూలివారితోపాటు పనిచేయనిమ్మని అడిగితిని. అతడు నవ్వి ఒప్పుకొనెను. ముందు నాగలి బోదెను విప్పుకొనుచు పోవును. వెనుక స్త్రీలు వరుసగా వంగి గడ్డలేరి బుట్టలలో వేయుదురు. నేను రెండు గంటలలో నడుము పట్టుకొంటిని. నా ప్రక్కనున్న ముదుసలి నన్ను చూచి, "సారూ, మీరు కండ్లతో ఏరుతున్నరు. మేం చేతులతో ఏరుతం" అనెను. మధ్యాహ్నమునకు నేను చెట్టుక్రింద కూర్చుంటిని. ఆమె సూర్యుడు వ్రాలువరకు వంగియే యుండెను. సాయంకాలము వ్యాపారి ఫోనులో చెప్పిన ధర ఉదయము చెప్పినదానికంటె తక్కువగా నుండెను. తమ్ముడు మారు పలుకలేదు. తీసిన గడ్డను మరల మట్టిలో పెట్టలేడు కదా!

ఇంటికి వచ్చు బస్సులో నాకు మా వీధిలోని కూరగాయల బండి జ్ఞాపకము వచ్చెను. ఎన్నో యేండ్లుగా ఆ బండిదగ్గర బేరమాడుటయందు నేను నేర్పరిని. కిలో తూచిన తరువాత, "ఇంకొకటి వెయ్యి, కొసరు" అని ఒక గడ్డ అడిగి పుచ్చుకొనుట నాకు అలవాటు. ఆ కొసరు ఎవరి బుట్టలోనిదో నేనెన్నడును ఆలోచించలేదు. బండి స్త్రీ వ్యాపారికి తగ్గించి ఇచ్చును. వ్యాపారి రైతుకు తగ్గించి ఇచ్చును. రైతు ఆ వంగిన ముదుసలి కూలిలో తగ్గించక ఏమి చేయగలడు? నా సంచిలోని కొసరు గడ్డ ఆమె నడుమునుండి వచ్చినది.

ఇచ్చట అయిదక్కి మారయ్య కథను స్మరింపక తప్పదు. మన ఇండ్లలో తెలియనివారుండరు. కల్యాణములో బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే అతని భార్య లక్కమ్మ వండి దాసోహము నడపుచుండెను. ఒకనాడు మారయ్య నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ యెక్కువ ఎందులకు, ఈ యాశ మనకెక్కడిదని మందలించి, అధికమైనదానిని తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను పంపెను.

ఆ బియ్యము దొంగిలించినది కాదు, యాచించినదియు కాదు, క్రింద రాలినదే. అయినను ఆ తల్లి దానిని ఇంటిలోనికి రానీయలేదు. ఆమె చూచినది గింజల తూకమును గాదు, గింజలతోపాటు ఇంటిలోనికి వచ్చుచున్న ఆశను. కాయకమునకు కొలత ఆమెయొద్ద కలదు. కొసరును తిరిగి ఇచ్చునది కాయకము. కొసరు అడుగునది ఏమగునో చెప్పనక్కరలేదు.

ఈ కొలతతో నా ఆరు బోదెలను కొలిచి చూచుకొంటిని. మొదటి సంవత్సరము నేను తీసికొన్న కొసరు గడ్డలలో లేదు. వసారాలోని ప్రశంసలో కలదు. నేను చేసినదానికి మించిన పేరు నేను పుచ్చుకొంటిని. ఆ వెలుతురులో గడ్డయు చెడినది, నేనును చెడితిని. దానమైనను, పూజయైనను, శ్రమయైనను పదుగురికి చూపుటకై బయటపెట్టినప్పుడు పైకి పచ్చగానే కనబడును. చేదు లోపల పుట్టును.

కనుక తమ్మునికి నా సమాధానమిది. నా పెరటిలోని ఆలుగడ్డ కాయకము కాదు. నీదే కాయకము. నీ చేనిలో వంగిన ఆ ముదుసలిది కాయకము. నాది కాయకమును గుర్తించుట నేర్చుకొనుటకు ముదిమిలో చేరిన బడి. అయితే ఈ బడి వ్యర్థమని నేనను. నూరు దినములు ఒక మొక్కకు కాపలా కాసినవానికి, రాత్రి మబ్బుపట్టి మంచు కురిసినప్పుడు ఆకుమాడు వచ్చునేమోయని లేచి చూచినవానికి, బండిమీది గడ్డ ఇక వట్టి సరుకుగా కనబడదు. దాని వెనుక మనిషి కనబడును. ఆ మనిషికి చెల్లవలసినది చెల్లించినప్పుడు, కొసరు మానినప్పుడు, పండినదానిలో భాగము మన చేయి దాటి పోయినప్పుడు, పెరటిపని కాయకమార్గములో మొదటి మెట్టగును. అది జరుగనిచో ఆరు బోదెలైనను, ఆరెకరములైనను విలాసమే.

చదువరులలో పెరడు గలవారు ఈ చలికాలమున నాలుగు గడ్డలు నాటి చూడుడు. పెరడు లేనివారు గోనెసంచిలో మట్టియు ఎరువును కలిపి నింపి నాటవచ్చును. వంగ, టమాటా, మిరప పెరిగిన చోటును విడువుడు. అవన్నియు ఆలుగడ్డ కుటుంబమే గనుక ఒకదాని తెగులు మరియొకదానికి సంక్రమించును. పిల్లలచేత మన్ను ఎగదోయించుడు. త్రవ్వినప్పుడు వచ్చినదానిని తూచి, అంగడి ధరతో పోల్చి, ఇంత తక్కువ ధరకు దీనిని మనకిచ్చినవాడు ఎట్లు బ్రతుకుచున్నాడో వారినే లెక్క కట్టమనుడు. ఏ పాఠశాలలోను నేను ఇంతకంటె మంచి లెక్క చెప్పియుండలేదు.

రెండవ సంవత్సరము నా పెరటిలో 11 కిలోలే వచ్చినవి. వానిని కడుగలేదు. మట్టితోనే నీడలో ఆరబెట్టి, గోనెసంచిలో పోసి మూతి కట్టితిని. కొంత మేము వండుకొంటిమి. తక్కినది ఎచ్చటికి పోయినదో ఈ వ్యాసములో వ్రాయవలెనని మొదట తలంచితిని. వ్రాసిన పుటను మా ఇంటియావిడకు చదివి వినిపించితిని. ఆమె, "మళ్ళీ వసారాలో పెడుతున్నారా?" అని మాత్రము అనెను. ఆ పుటను చింపివేసితిని.

శరణు శరణార్థి.